50 పాఠాలు, 25 మార్కులు: పర్యావరణం అందరి చదువయ్యేదెప్పుడు?

మన దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవారు 4.33 కోట్ల మంది. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వేలో తేలిన లెక్క ఇది. ఇందులో ప్రతి వందమందికి దాదాపు 79 మంది డిగ్రీ స్థాయిలోనే ఉన్నారు. అంటే సుమారు 3.4 కోట్ల మంది. వీళ్లలో బీఏ తెలుగు చదివే అమ్మాయి ఉంది, బీకాం కంప్యూటర్స్ చదివే అబ్బాయి ఉన్నాడు, బీటెక్‌లో చేరి కోడింగ్ తప్ప మరో ధ్యాస లేని కుర్రాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ గ్రూపు తీసుకున్నా, డిగ్రీ చేతికొచ్చేలోగా పర్యావరణం మీద ఒక పేపరు చదవాల్సిందే.

యూనివర్సిటీలో చేరిన ప్రతి విద్యార్థికీ సుస్థిరాభివృద్ధి గురించి చెప్పాలా వద్దా అన్న చర్చ చాలా దేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. మనం మాత్రం ఆ ప్రశ్నకు ‘చెప్పాలి’ అని ఇరవై ఏళ్ల కిందటే జవాబిచ్చాం. అయినా ఆ పేపరు రాసి బయటికొచ్చిన విద్యార్థిని ‘నీ ఉద్యోగానికీ ఆ పాఠానికీ ఏమిటి సంబంధం?’ అని అడిగితే జవాబు దొరకడం కష్టం. లోపం ఎక్కడుందో అంకెలే చెబుతాయి. ఒక్కో అంకెనూ విడిగా చూద్దాం.

1991: కోర్టు చెబితే వచ్చిన పాఠం

ఈ పేపరు ఏ విద్యా సంస్కరణ కమిటీ నుంచో వచ్చింది కాదు. న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఫలితమిది. 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పులో కోర్టు సినిమా హాళ్లలో పర్యావరణంపై స్లయిడ్లు వేయాలంది. రేడియోలో, దూరదర్శన్‌లో ఇందుకు సమయం కేటాయించాలంది. బడుల్లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయాలనీ, కాలేజీల్లోనూ అన్ని స్థాయుల్లో తప్పనిసరి చేసే అవకాశాన్ని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పరిశీలించాలనీ చెప్పింది.

పౌరుడు తన బాధ్యత నెరవేర్చాలంటే ముందు అతనికి విషయం తెలియాలన్నది దీని వెనకున్న ఆలోచన. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 48ఏ, 51ఏ(జి) అధికరణలు వచ్చాయి. పర్యావరణాన్ని కాపాడటం ప్రభుత్వ విధి అని మొదటిది, ప్రతి పౌరుడి విధి అని రెండోది చెబుతాయి. విధి అని రాసి పెట్టి, దాని గురించి చెప్పకపోతే ఎలా?

తీర్పు వచ్చినా పాఠం మాత్రం వెంటనే తరగతి గదికి చేరలేదు. అమలు కోసం మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2003లో సుప్రీంకోర్టు గట్టిగా ఆదేశించింది. ఆ రోజుల్లోనే యూజీసీ నియమించిన నిపుణుల కమిటీ అన్ని డిగ్రీ కోర్సులకూ కలిపి ఆరు నెలల కోర్ మాడ్యూల్ ఒకటి తయారుచేసింది. దానికి పాఠ్యపుస్తకం రాసింది పుణెకు చెందిన ఎరాక్ భరుచా. తీర్పు నుంచి తరగతి గది దాకా పన్నెండేళ్లు పైనే పట్టింది.

50: పాఠాలన్నీ ఎటు పోయాయి?

ఆ కోర్ మాడ్యూల్‌లో ఎనిమిది యూనిట్లు, 50 పాఠాలు. పంపకం ఇలా ఉంది: పర్యావరణ అధ్యయన స్వభావానికి 2, సహజ వనరులకు 8, ఆవరణ వ్యవస్థలకు 6, జీవవైవిధ్యానికి 8, కాలుష్యానికి 8, సామాజిక అంశాలకు 7, జనాభాకు 6, క్షేత్ర పర్యటనకు 5.

వనరుల నుంచి జనాభా దాకా ఏదీ వదలకుండా పేర్చిన సిలబస్ ఇది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అడవులు, నీరు, ఖనిజాలు, ఆహారం, ఇంధనం, భూమి, ఈ ఆరింటినీ 8 పాఠాల్లో ముగించాలి. వాతావరణ మార్పు అయితే సామాజిక అంశాల యూనిట్‌లో ఆమ్ల వర్షాలు, ఓజోన్ పొర, అణు ప్రమాదాలతో కలిసి ఒక్క వరుసలో కనిపిస్తుంది. 2004లో డిగ్రీ చదివినవారికి వాతావరణ మార్పు ఒక షార్ట్ నోట్. ఈ రోజు అదే విద్యార్థి బ్యాంకు మేనేజరుగా పంట రుణాలిస్తున్నాడు, ఇంజినీరుగా కాలువలు డిజైన్ చేస్తున్నాడు, ఆస్పత్రిలో వడదెబ్బ కేసులు చూస్తున్నాడు.

యూజీసీ ఈ లోపాన్ని గుర్తించింది. 2023లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో వాతావరణ మార్పుకు విడిగా ఒక యూనిట్ ఇచ్చింది. కాలుష్యాన్ని ఆరోగ్యంతో ముడిపెట్టింది. పర్యావరణ చట్టాలకు, ఒప్పందాలకు చోటు పెంచింది. మొత్తం పాఠానికి కనీసం 4 క్రెడిట్లు ఉండాలంది. సిలబస్ వరకు ఇది పెద్ద ముందడుగు.

25: మార్కులున్నాయి, సమయం లేదు

కోర్ మాడ్యూల్ పరీక్షకు 100 మార్కులు. చిన్న ప్రశ్నలకు 25, వ్యాసరూప ప్రశ్నలకు 50, క్షేత్ర పర్యటనకు 25. పాఠాల లెక్క చూస్తే క్షేత్ర పర్యటనకు దక్కింది 50లో 5, అంటే పదో వంతు. మార్కుల్లో మాత్రం నాలుగో వంతు. బయటికెళ్లి చూసి నేర్చుకోవడమే ఈ చదువుకు ప్రాణమని సిలబస్ రాసినవారు నమ్మారు. టైంటేబుల్ వేసేటప్పటికి ఆ నమ్మకం పదో వంతుకు కుదించుకుపోయింది.

ఆ యూనిట్‌లో చేయమన్న పనులు ఇవి: ఊరికి దగ్గరలోని నదినో, అడవినో, గడ్డి భూమినో, కొండనో చూసి వివరాలు నమోదు చేయడం, కాలుష్యం ఉన్న ఒక ప్రాంతాన్ని సందర్శించడం, చుట్టుపక్కల మొక్కలు, పురుగులు, పక్షులను గుర్తించడం, చెరువులాంటి చిన్న ఆవరణ వ్యవస్థను అధ్యయనం చేయడం. ఏలూరు విద్యార్థికి కొల్లేరు ఉంది. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకెక్కిన సరస్సు అది. చేపల చెరువుల కట్టలు ఎలా పెరిగాయో, 2006లో వాటిని ఎందుకు పడగొట్టాల్సి వచ్చిందో, ఆ నీటి మీద బతికే కుటుంబాలు ఏమంటున్నాయో అక్కడికి వెళ్లినవారికే తెలుస్తుంది. హైదరాబాద్ విద్యార్థికి మూసీ ఉంది. నల్లగొండ విద్యార్థికి ఫ్లోరైడ్ నీళ్లున్నాయి.

చాలాచోట్ల జరుగుతున్నది వేరు. ఒక రికార్డు, అందులో అట్ట మీద చెట్టు బొమ్మ, లోపల సీనియర్ రికార్డులోంచి ఎక్కించిన పేజీలు. ఇందులో పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. కాలు బయట పెట్టే వీలివ్వకుండా 25 మార్కుల నివేదిక అడిగితే వచ్చేది అదే.

0: బీటెక్‌లో పర్యావరణం విలువ

సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018లో విడుదల చేసిన నమూనా పాఠ్య ప్రణాళిక ప్రకారం బీటెక్ పూర్తికి 160 క్రెడిట్లు. అందులో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ తప్పనిసరి కోర్సే. క్రెడిట్లు మాత్రం సున్నా. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-18 రెగ్యులేషన్ కూడా అదే దారిలో వెళ్లింది. ఆ రెగ్యులేషన్‌లో వారానికి మూడు గంటల పాఠం ఉంది, పరీక్ష ఉంది, పాస్ కాకపోతే డిగ్రీ రాదు. క్రెడిట్ లేదు కాబట్టి ఆ మార్కులు సీజీపీఏలో కలవవు.

బీటెక్ విద్యార్థికి సీజీపీఏ అంటే ఏమిటో తెలుగు ఇళ్లలో కొత్తగా చెప్పనక్కర్లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో కూర్చోవాలన్నా, విదేశాల్లో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేయాలన్నా మొదట చూసేది దాన్నే. ఆ లెక్కలోకి రాని సబ్జెక్టుకు పిల్లలు పరీక్షకు ముందు రాత్రి మాత్రమే కేటాయిస్తే, వాళ్లు మనమిచ్చిన విలువ ప్రకారమే నడుచుకున్నట్టు. సిమెంటు, ఉక్కు, కరెంటు, రోడ్లు, డేటా సెంటర్లు అన్నీ రేపు ఈ ఇంజినీర్ల చేతుల్లోనే ఉంటాయి. వాళ్ల చదువులో ఈ పాఠానికి సున్నా వేయడం కంటే పెద్ద తప్పు మరొకటి లేదు.

బీఏ, బీకాం, బీఎస్సీలకు పరిస్థితి కాస్త నయం. 2022 డిసెంబరు నాటి యూజీసీ క్రెడిట్ విధానంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. పర్యావరణానికి చెప్పిన 4 క్రెడిట్లు పూర్తిగా ఇస్తే మూడేళ్ల డిగ్రీలో 3.3 శాతం, నాలుగేళ్ల డిగ్రీలో 2.5 శాతం. చిన్న వాటాయే. ఆ కొద్దిపాటి వాటా కూడా విద్యార్థి అసలు సబ్జెక్టును తాకకుండా పోతుండటం ఇంకా విచారకరం.

500 గంటలు: చెప్పేదెవరు?

ఒక మామూలు డిగ్రీ కాలేజీని ఊహించుకుందాం. మొదటి ఏడాది 600 మంది చేరారు. సెక్షన్‌కు 60 మంది చొప్పున 10 సెక్షన్లు. ఒక్కో సెక్షన్‌కు 50 పాఠాలు చెప్పాలంటే మొత్తం 500 గంటలు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. సెమిస్టరుకు 15 వారాలు అనుకుంటే 240 గంటలు. అంటే ఈ ఒక్క పేపరుకే ఆ సెమిస్టరులో ఇద్దరు పూర్తికాలం అధ్యాపకులు కావాలి, అప్పటికీ 20 గంటలు మిగిలిపోతాయి. ఇక క్షేత్ర నివేదికలు 600. ఒక్కోదాన్ని చదివి వ్యాఖ్య రాయడానికి పావుగంట వేసుకున్నా 150 గంటలు.

ఈ లెక్క ముందుగా వేసుకుని పోస్టులు మంజూరు చేసే కాలేజీలు అరుదు. ఎవరికి వర్క్‌లోడ్ తక్కువుంటే వాళ్లకు ఈ పేపరు అప్పజెప్పడం, లేదంటే గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకురావడం మామూలైపోయింది. రెండు మూడు సెక్షన్లను ఒకే హాల్లో కూర్చోబెట్టి నోట్స్ చెప్పించే పద్ధతీ ఉంది. నిజంగా ఆసక్తితో, సొంత ఖర్చుతో పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లే అధ్యాపకులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్ల శ్రమకు వ్యవస్థ నుంచి అందుతున్న తోడు ఏమిటన్నదే ప్రశ్న.

30 శాతం: ఇతరులు ఎంచుకున్న దారి

ప్రపంచంలో ఈ ప్రయత్నం పాతదే. 1977లో జార్జియాలోని టిబిలీసీలో పర్యావరణ విద్యపై తొలి అంతర్ ప్రభుత్వ సదస్సు జరిగింది. 1990లో ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో యూనివర్సిటీల అధిపతులు సమావేశమై, చదువులోనూ ప్రాంగణంలోనూ సుస్థిరతకు చోటిస్తామని ప్రకటించారు. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం 1993 నుంచే డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అక్షరాస్యత నిబంధన పెట్టింది. స్వీడన్ 2006లో ఏకంగా ఉన్నత విద్యా చట్టాన్ని సవరించి, సుస్థిరాభివృద్ధిని ప్రోత్సహించే బాధ్యతను యూనివర్సిటీల మీద పెట్టింది. బార్సిలోనా విశ్వవిద్యాలయంలో 2022 నవంబరులో విద్యార్థులు ప్రాంగణంలో బైఠాయించి పట్టుబట్టాకే, వాతావరణ సంక్షోభంపై తప్పనిసరి కోర్సు తెస్తామని యాజమాన్యం ఒప్పుకుంది.

మనం శ్రద్ధగా చూడాల్సిన నమూనా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో ప్రాంగణానిది. 2024లో చేరిన సుమారు 7,000 మంది కొత్త విద్యార్థులతో అక్కడ వాతావరణ మార్పు నిబంధన మొదలైంది. అందరూ ఒకే పేపరు చదవక్కర్లేదు. ఆమోదించిన దాదాపు 40 కోర్సుల్లో ఏదో ఒకటి తీసుకుంటే చాలు. ఆ జాబితాలోకి రావాలంటే కోర్సుకు రెండు షరతులు. పాఠంలో కనీసం 30 శాతం వాతావరణానికి సంబంధించి ఉండాలి. శాస్త్రీయ పునాదులు, మనుషులపై ప్రభావం, నివారణ మార్గాలు, ప్రాజెక్టు పని అనే నాలుగు అంశాల్లో కనీసం రెండింటిని తాకాలి. ఈ షరతులతో ఖగోళశాస్త్రం చదివేవారికీ, కళలు, మీడియా చదివేవారికీ తమ తమ దారిలోనే ఈ పాఠం దొరుకుతోంది.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 2024 నుంచి సుస్థిరతను అందరి సాధారణ విద్యలో 3 క్రెడిట్ల తప్పనిసరి భాగం చేసింది. అక్కడ డిగ్రీకి 120 క్రెడిట్లు. శాతంలో చూస్తే మన యూజీసీ చెప్పిన 4 క్రెడిట్లు నాలుగేళ్ల డిగ్రీలో దానికి సమానం, మూడేళ్ల డిగ్రీలో దానికంటే ఎక్కువ. మనకు కొరతగా ఉన్నది క్రెడిట్ల సంఖ్య కాదు, విద్యార్థి సొంత సబ్జెక్టుతో ముడి.

1,000 కంపెనీలు, 46,531 చెరువులు: ఎవరి సబ్జెక్టులో వాళ్ల పాఠం

ఆ ముడి వేయడం కష్టమా? మన చుట్టూ ఉన్న విషయాలతోనే వేయొచ్చు.

బీకాం విద్యార్థిని తీసుకుందాం. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తమ వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వడాన్ని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఎంత కరెంటు వాడారు, ఎంత నీరు తీసుకున్నారు, ఎంత కర్బనం వదిలారు, కార్మికుల భద్రత ఎలా ఉంది అనే వివరాలు అందులో ఉంటాయి. ఇది అకౌంటెంట్ల పని. బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్పే అధ్యాపకుడే ఈ నివేదికనూ చదివించగలడు. రేపు ఉద్యోగంలోనూ ఇది అడుగుతారు.

కెమిస్ట్రీ విద్యార్థికి తాగునీటిలో ఫ్లోరైడ్ చాలు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు సమ్మతం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అని పిలుస్తుంది. మన జిల్లా పేరుతో ఉన్న ఆ పద్ధతిని ల్యాబ్‌లో తన చేత్తో చేసిన విద్యార్థి దాన్ని మరచిపోడు.

చరిత్ర, సివిల్ ఇంజినీరింగ్, తెలుగు చదివే ముగ్గురూ ఒకే చెరువు గట్టు మీద కలుసుకోవచ్చు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ తెలంగాణలో లెక్కగట్టిన చిన్న నీటి వనరులు 46,531. రామప్ప, పాకాల వంటి కాకతీయుల నాటి చెరువుల కింద ఈ రోజుకీ పంట పండుతోంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని అలుగు పారి మరొకటి ఎలా నిండుతుందో ఇంజినీరింగ్ విద్యార్థి కొలుస్తాడు. ఎవరు తవ్వించారో, ఎవరు కాపాడారో చరిత్ర విద్యార్థి శాసనాల్లో వెతుకుతాడు. తూము, అలుగు, ఆయకట్టు, శిఖం, నీరటి (చెరువు నీటిని పొలాలకు పంచేవాడు) వంటి మాటల వెనకున్న పని పద్ధతులను తెలుగు విద్యార్థి ఊరి పెద్దలను అడిగి రాసుకుంటాడు. ఆ ఊళ్లో నీరటి చివరి తరం వెళ్లిపోకముందే ఆ జ్ఞానం కాగితం మీదికి వస్తుంది.

వ్యవసాయం, అర్థశాస్త్రం చదివేవారికి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఉంది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవాళి పురస్కారాన్ని పంచుకున్న కార్యక్రమమిది. రైతు పెట్టుబడి ఎంత తగ్గింది, దిగుబడి ఎలా ఉంది, మట్టిలో ఏం మారింది అని పొలాల్లోనే ప్రశ్నించవచ్చు. మెచ్చుకోవడానికీ విమర్శించడానికీ అక్కడ అంకెలు దొరుకుతాయి. నర్సింగ్, మెడికల్ విద్యార్థికి 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లోని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వర్గీకరణ ఉంది. ఏ సంచిలో ఏది వేయాలో తెలియక చేసే పొరపాటు పారిశుద్ధ్య కార్మికుడి చేతికి సూదై గుచ్చుకుంటుంది. లా విద్యార్థికి 2024లో సుప్రీంకోర్టు ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుడి హక్కు అని కోర్టు గుర్తించిన సందర్భమది.

ఇందులో ఏ పాఠానికీ కొత్త డిపార్ట్‌మెంట్ అవసరం లేదు. ఉన్న అధ్యాపకులకు ఒక సెలవుల శిక్షణ, ఉన్న సిలబస్‌లో ఒక యూనిట్ చాలు.

75,000 లీటర్లు: ప్రాంగణమే పాఠ్యపుస్తకం

ప్రతి యూనివర్సిటీ ఒక చిన్న ఊరు. హాస్టళ్లు, మెస్‌లు, ల్యాబ్‌లు, బస్సులు, బోర్లు, కరెంటు బిల్లులు అన్నీ ఉంటాయి. అక్కడ కాగితం, పెన్సిలు తీసుకుంటే ఎలాంటి పాఠాలు దొరుకుతాయో మూడు లెక్కల్లో చూద్దాం. ఇవి ఊహించుకున్న ప్రాంగణపు లెక్కలు. ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకుని మళ్లీ చేసుకోవచ్చు.

మొదటిది మెస్. 500 మంది తింటారు. ఒక్కొక్కరు రోజుకు 100 గ్రాముల అన్నం పారేశారనుకుందాం. మొత్తం 50 కిలోల అన్నం. కిలో బియ్యానికి రెండున్నర కిలోల అన్నం అవుతుందనుకుంటే, పోయింది 20 కిలోల బియ్యం. మన మిల్లుల లెక్కలో క్వింటా ధాన్యానికి 67 కిలోల బియ్యం. అంటే సుమారు 30 కిలోల ధాన్యం. విరివిగా వాడే ఒక అంచనా ప్రకారం కిలో ధాన్యం పండాలంటే వాననీరు, సాగునీరు కలిపి సగటున 2,500 లీటర్లు కావాలి. మొత్తం 75,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 15. ఇది ఒక్క రోజుది. 200 పనిదినాలకు కోటిన్నర లీటర్ల నీరు, 4 టన్నుల బియ్యం. నేలను బట్టి, కాలాన్ని బట్టి ఆ 2,500 మారుతుంది. ఎలా మారుతుందో అడగడమే వ్యవసాయ విద్యార్థి పాఠం. వడ్డించే గరిటె సైజు తగ్గించి మళ్లీ అడిగి వేస్తే ఎంత మిగులుతుందో కొలవడం స్టాటిస్టిక్స్ విద్యార్థి పాఠం.

రెండోది ఫ్యాన్లు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 35 వాట్లు. తేడా 40 వాట్లు. 1,000 ఫ్యాన్లు, రోజుకు 8 గంటలు, 200 రోజులు తిరిగితే ఆదా 64,000 యూనిట్లు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే దాదాపు 45 టన్నులు తగ్గుతుంది. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 5.12 లక్షల రూపాయలు మిగులుతాయి. ఫ్యాను ధర 3,000 అనుకుంటే 30 లక్షల ఖర్చు, సుమారు ఆరేళ్లలో తిరిగొస్తుంది. ఇంకా పనిచేస్తున్న పాత ఫ్యాన్లను ఇప్పుడే తీసేయాలా, చెడిపోయినప్పుడల్లా మార్చుకుంటూ పోవాలా? బీబీఏ క్లాసులో ఒక గంట చర్చకు ఇంతకంటే మంచి కేసు ఉండదు.

మూడోది వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. 1,000 చదరపు మీటర్ల డాబా మీద పడేది 5.5 లక్షల లీటర్లు. 80 శాతం పట్టగలిగితే 4.4 లక్షల లీటర్లు, అంటే 88 ట్యాంకర్లు. కరువు సీమగా పేరుపడ్డ చోట ఒక్క డాబా ఇచ్చే నీరిది. ఇంకుడు గుంత ఎక్కడ తవ్వాలో జియాలజీ విద్యార్థులు చెప్పగలరు.

ఈ మూడు లెక్కలూ చేసిన విద్యార్థికి సుస్థిరత అంటే ఏమిటో నిర్వచనం బట్టీ పట్టించనక్కర్లేదు. పైగా ఆ లెక్క యాజమాన్యానికీ పనికొస్తుంది.

400 ఎకరాలు: పాఠం అవసరమైన రోజు

2025 మార్చి చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు కూల్చడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని పనులు ఆపించింది. ఆ భూమి ఎవరిదన్న వివాదంలో ప్రభుత్వానికి తన వాదన ఉంది, విద్యార్థులకు తమ వాదన ఉంది.

మన చర్చకు సంబంధించిన విషయం వేరే ఉంది. ఆ కొద్ది రోజుల్లో అవసరమైన జ్ఞానాన్ని చూడండి. సర్వే నంబర్లు, రెవెన్యూ రికార్డులు, పాత కోర్టు తీర్పులు చదవాలి. అడవి అంటే చట్టం ఏమంటుందో తెలియాలి. అక్కడి పక్షులు, జంతువులు, రాళ్లు, నీటి గుంటల వివరాలు ఉండాలి. భూమి అమ్మితే ఖజానాకు ఏమొస్తుంది, చెట్లు పోతే నగరానికి ఏం పోతుంది అనే ఆర్థిక లెక్క కావాలి. ప్రజలకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఏ ఒక్క డిపార్ట్‌మెంట్ దగ్గరా ఇదంతా ఉండదు. పర్యావరణ ప్రశ్న ఎప్పుడు ఎదురైనా ఇలాగే అన్ని సబ్జెక్టులనూ కలిపి అడుగుతుంది. ప్రభుత్వం వైపు కూర్చుని ఫైలు రాసే అధికారికీ ఇదే జ్ఞానం కావాలి. ఆ అధికారి కూడా ఏదో ఒక డిగ్రీ కాలేజీలో ఈ పేపరు రాసే వచ్చి ఉంటారు.

4 క్రెడిట్లు: చేయాల్సిన పని

పరిష్కారానికి కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు క్రెడిట్లూ అక్కర్లేదు. యూజీసీ చెప్పిన 4 క్రెడిట్లనే సరిగ్గా పంచుకోవాలి. రెండు క్రెడిట్లు అందరికీ ఉమ్మడి పాఠానికి: నేల, నీరు, వాతావరణం, చట్టం. ఒక క్రెడిట్ సొంత సబ్జెక్టులో, సొంత అధ్యాపకుల చేత. ఒక క్రెడిట్ పూర్తిగా క్షేత్రంలో. క్రెడిట్ విధానంలో పాఠమైతే ఒక క్రెడిట్‌కు 15 గంటలు, క్షేత్ర పని అయితే 30 గంటలు. మొత్తం 75 గంటలు. అందులో 30 గంటలు బయటే. కోర్ మాడ్యూల్‌లో 10 శాతంగా ఉన్న క్షేత్ర పని 40 శాతం అవుతుంది.

తరగతి గది బోధన భారమూ కాస్త తేలికవుతుంది. పైన చెప్పిన 600 మంది కాలేజీలో ఉమ్మడి పాఠానికి 300 గంటలు, సొంత సబ్జెక్టు పాఠానికి 150 గంటలు. ఆ 150 గంటలు అన్ని డిపార్ట్‌మెంట్లూ పంచుకుంటాయి. క్షేత్ర పనికి పెద్ద బస్సులు అవసరం లేదు. కాలేజీ మెస్, డాబా, పక్క ఊరి చెరువు చాలు. బీటెక్‌లో మాత్రం ముందు ఆ సున్నాను చెరిపేయాలి.

‘సిలబస్ ఇప్పటికే బరువెక్కింది, ఇంకా ఇదొకటా’ అనే అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైన అభ్యంతరమే. అందుకే కొత్తగా ఏదీ కలపమనడం లేదు, ఉన్న క్రెడిట్లకు ప్రయోజనం ఉండాలని మాత్రమే అడుగుతున్నాం. ‘మా పిల్లలకు ఉద్యోగాలు ముఖ్యం’ అనే తల్లిదండ్రులూ ఉంటారు. కంపెనీల సుస్థిరత నివేదికలు, సోలార్ ప్లాంట్లు, నీటి శుద్ధి, విపత్తుల బీమా, వ్యర్థాల నిర్వహణ అన్నీ ఉద్యోగాలే. వాటికి ఈ చదువే పునాది.

ఆంధ్రప్రదేశ్‌లో 2,602, తెలంగాణలో 2,083 కాలేజీలున్నాయని 2021-22 సర్వే లెక్క. కలిపితే దాదాపు 4,700. వీటిలో చాలావాటి సిలబస్ యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లలోనే ఖరారవుతుంది. అక్కడ బల్ల చుట్టూ కూర్చునే పదీ పదిహేను మంది ఆచార్యులు తలచుకుంటే లక్షల మంది పిల్లల పాఠం మారుతుంది.

ఆ ఆచార్యులకు ఒక విన్నపం. తదుపరి సమావేశం అజెండాలో ఒక్క అంశం చేర్చండి: మా సబ్జెక్టు విద్యార్థికి మా సబ్జెక్టులోనే చెప్పాల్సిన పర్యావరణ పాఠం ఏది? ఆ పాఠానికి 15 గంటలు, ఒక క్రెడిట్, బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడి పేరు రాయండి. విద్యార్థులూ అడగాలి. మీ కాలేజీ కరెంటు బిల్లు, నీటి లెక్క, మెస్‌లో పారేసే అన్నం లెక్క చూపించమని ప్రిన్సిపాల్‌ను మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. 1991 తీర్పు ఈ పాఠం అందరికీ చేరే దారి తెరిచింది. దాన్ని అందరికీ పనికొచ్చే చదువుగా మార్చే బాధ్యత యూనివర్సిటీలదే, ఇక ఆలస్యానికి సాకు లేదు.